ప్రాసెసర్ వేగం పెంచే ముందు ర్యామ్ సంగతి తేల్చుకోండి

కంప్యూటర్ కొత్తగా కూర్చుకునేవారు ప్రాసెసర్ గురించి, కూలర్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెట్టె మీద ఏ అంకె పెద్దదిగా ఉంటే దాన్ని కొనేస్తారు. నేను ఒకసారి అంతకంటే తొందరపడ్డాను. ఇంట్లో ఉన్న 16 జీబీ కిట్ (జతగా అమ్మే ర్యామ్ స్టిక్‌లు) చాలడం లేదని, ఆరు నెలల తర్వాత అదే కంపెనీది, అదే పేరు, అదే వేగం ఉన్న ఇంకో కిట్ తెచ్చి పక్క స్లాట్లలో పెట్టాను. అప్పటివరకు నిలకడగా నడిచిన కంప్యూటర్ వీడియో ఎడిటింగ్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ప్రాసెసర్‌కు నేను పెంచిన వేగమే కారణమనుకున్నాను. వేగం తగ్గించాను, వోల్టేజ్ పెంచాను, కూలర్ విప్పి థర్మల్ పేస్ట్ మార్చాను. మూడు వారాల తర్వాత రెండో కిట్ తీసి పక్కన పెడితే అన్నీ సర్దుకున్నాయి. రెండు కిట్లలోనూ లోపలి చిప్‌లు వేర్వేరు కంపెనీలవి. పెట్టెల మీద ఆ మాట ఎక్కడా లేదు.

ఆ మూడు వారాలు నాకు ఒక విషయం గట్టిగా నేర్పాయి. ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే కంపెనీ పెట్టిన హద్దు దాటి వేగం పెంచడానికి, పనికొచ్చే ర్యామ్ అంటే అన్నిటికంటే వేగమైనది కాదు, అనుమానానికి చోటివ్వనిది. కంప్యూటర్ కుప్పకూలినప్పుడు తప్పు ర్యామ్‌ది కాదని మీరు ధైర్యంగా చెప్పగలగాలి. అప్పుడే ప్రాసెసర్‌తో ఎంత దూరం వెళ్లవచ్చో తెలుస్తుంది. కింది అడుగులన్నీ ఆ ధైర్యం కోసమే. ఉదాహరణగా ఏఎమ్‌డీ ఏఎమ్5 సాకెట్‌ను (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు), డీడీఆర్5 మెమరీని తీసుకుంటున్నాను. ఇంటెల్‌లో తేడా ఉన్నచోట అది కూడా చెబుతాను.

1. మీ ప్రాసెసర్ వేగం ఏ దారిలో పెరుగుతుందో చూడండి

ఒకప్పుడు ప్రాసెసర్ వేగం పెంచాలంటే ర్యామ్ వేగం కూడా పెరిగి తీరేది. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డుయో ఈ6300నే తీసుకోండి. దాని బస్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే దారి) వేగం 266 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 7. రెండూ గుణిస్తే 1.86 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్ పైకి కదలదు కాబట్టి పెంచగలిగింది బస్‌నే. బస్‌ను 400కి తీసుకెళితే ప్రాసెసర్ 2.8 గిగాహెర్ట్జ్‌కు చేరేది. దానితో సమానంగా నడవడానికి డీడీఆర్2-800 ర్యామ్ (ర్యామ్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 800 అంటే అసలు క్లాక్ 400) కావలసి వచ్చేది. ర్యామ్ తట్టుకోలేకపోతే ప్రాసెసర్‌లో ఎంత సత్తా ఉన్నా అక్కడే ఆగిపోయేది. ఓవర్‌క్లాకింగ్‌కు వేగమైన ర్యామ్ తప్పనిసరి అనే మాట ఆ రోజులది.

ఇప్పుడు మల్టిప్లయర్‌తో ప్రాసెసర్ వేగం పెంచితే ర్యామ్ వేగం కదలదు. రెండూ విడివిడి పనులు. బేస్ క్లాక్ (మల్టిప్లయర్‌తో గుణించే మూల వేగం) జోలికి వెళితే మాత్రం పాత లెక్కే వర్తిస్తుంది. బేస్ క్లాక్ 100 నుంచి 103కి మార్చితే 6000 వేగంతో నడుస్తున్న ర్యామ్ 6180కి చేరుతుంది. ఆ దారిలో వెళ్లేవారు ర్యామ్‌ను ముందుగానే ఒక మెట్టు దించి, పెరగడానికి చోటు ఉంచుకోవాలి.

మీ ప్రాసెసర్, బోర్డు అసలు ఓవర్‌క్లాకింగ్‌ను అనుమతిస్తాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఇంటెల్‌లో ప్రాసెసర్ వేగం పెంచాలంటే పేరులో అంకెల తర్వాత 'కే' అక్షరం ఉన్న ప్రాసెసర్, జెడ్ వరుస చిప్‌సెట్ ఉన్న బోర్డు రెండూ కావాలి. ర్యామ్ వేగం మాత్రం బీ660, బీ760 బోర్డుల్లో కూడా పెంచుకోవచ్చు, హెచ్610లో కుదరదు. ఏఎమ్‌డీ వైపు బీ650 సరిపోతుంది. ఏ620 బోర్డు ర్యామ్‌ను వేగంగా నడపనిస్తుంది కానీ ప్రాసెసర్ వేగాన్ని పెంచనివ్వదు. హెచ్610 బోర్డుకు 6000 వేగం ర్యామ్ కొంటే ఆ అదనపు డబ్బుకు ఫలితం ఉండదు.

2. పెట్టె మీది అంకె కంటే ముందు కంట్రోలర్ హద్దు తెలుసుకోండి

ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ర్యామ్‌లో ఉండదు, ప్రాసెసర్‌లో ఉంటుంది. చాలామంది దీన్ని మరిచిపోతారు. పెట్టె మీద 6000 అని రాసి ఉంటే, ఆ స్టిక్ అంత వేగానికి పరీక్షించి అమ్ముతున్నారని అర్థం. మీ ప్రాసెసర్ ఆ వేగాన్ని అందుకుంటుందని ర్యామ్ కంపెనీ హామీ ఇవ్వదు. ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పే హద్దు రైజెన్ 7000 వరుసకు 5200, రైజెన్ 9000 వరుసకు 5600. ఇంటెల్ 13, 14 తరాల 'కే' ప్రాసెసర్లకు కూడా 5600. అది దాటిన ప్రతి అడుగూ ఓవర్‌క్లాకింగే. బయోస్‌లో (బోర్డు అమరికలు మార్చే చోట) ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ ప్రొఫైల్‌ను (కిట్‌లో కంపెనీ ముందే రాసి ఉంచిన వేగం, వోల్టేజ్‌ల అమరికను) ఒక్క నొక్కుతో ఆన్ చేసినా సరే, ఏఎమ్‌డీ వారంటీ నిబంధనలు దాన్ని ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కిస్తాయి.

ఏఎమ్5లో ర్యామ్ వేగం, కంట్రోలర్ వేగం ఒకటికి ఒకటిగా నడిస్తేనే మేలు. ర్యామ్ 6000 అంటే అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్. కంట్రోలర్ కూడా 3000 దగ్గరే నడుస్తుంది. దాదాపు ప్రతి రైజెన్ 7000, 9000 ప్రాసెసర్ ఈ వేగాన్ని మోస్తుంది. కొన్ని 6400 వరకు లాగుతాయి, కొన్ని లాగవు. ఆ పైన కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది. 6800 కిట్ కొని 1700 మెగాహెర్ట్జ్ కంట్రోలర్‌తో నడపడం కంటే 6000 కిట్‌ను పూర్తి జోడీగా నడపడం ఆటల్లో ఎక్కువ లాభం. ఆ సగం వేగపు నష్టాన్ని పూడ్చుకోవాలంటే 8000 దరిదాపులకు వెళ్లాలి. దానికి మంచి బోర్డు, మంచి కిట్, చాలా ఓపిక కావాలి. మొదటిసారి చేస్తున్నవారికి నేను ఆ దారి చెప్పను.

డీడీఆర్4తో రైజెన్ 5000 ఇంకా వాడుతున్నవారికి కూడా సూత్రం ఇదే, అంకెలు వేరు. అక్కడ ఇన్ఫినిటీ ఫాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి) 1800 మెగాహెర్ట్జ్ దగ్గర సుఖంగా నడుస్తుంది కాబట్టి 3600 వేగం సరైన గురి.

ఇంటెల్ 12 నుంచి 14 వరకు తరాల్లో డీడీఆర్5 ఎలాగూ గేర్ 2లోనే, అంటే కంట్రోలర్ సగం వేగంతోనే నడుస్తుంది. అందువల్ల అక్కడ వేగం పెంచేకొద్దీ లాభం పెరుగుతూ పోతుంది. మంచి జెడ్790 బోర్డు మీద 7200 సాధారణంగా అందే లక్ష్యం. కోర్ అల్ట్రా 200ఎస్ వరుసతో 2024లో సీయూడిమ్ అనే కొత్త రకం స్టిక్‌లు వచ్చాయి. క్లాక్ సంకేతాన్ని సరిచేసే చిన్న చిప్ వాటి మీదే ఉంటుంది కాబట్టి అవి ఇంకా పైకి వెళతాయి. వాటిని ఏఎమ్5 బోర్డులో పెడితే ఆ చిప్‌ను పక్కకు తప్పించి మామూలు స్టిక్‌లలాగే నడుపుతుంది. అదనపు ధర వృథా.

3. లేటెన్సీని నానోసెకన్లలోకి మార్చి చూడండి

రెండు కిట్లను పోల్చేటప్పుడు సీఎల్ అంకెను ఒంటరిగా చూడకండి. అడిగిన డేటా ఇవ్వడం మొదలుపెట్టడానికి ర్యామ్‌కు ఎన్ని క్లాక్ చక్రాలు పడతాయో చెప్పే లెక్క అది. ఆ ఆలస్యమే లేటెన్సీ. చక్రం ఎంతసేపు పడుతుందో వేగాన్ని బట్టి మారుతుంది. సీఎల్‌ను 2000తో గుణించి, ర్యామ్ వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి.

డీడీఆర్5-6000 సీఎల్30 అయితే 10 నానోసెకన్లు. అదే వేగం సీఎల్36 అయితే 12. సీఎల్40 అయితే 13.3. డీడీఆర్5-7200 సీఎల్34 అయితే 9.4. పాత డీడీఆర్4-3200 సీఎల్16 కూడా 10 నానోసెకన్లే. కాబట్టి సీఎల్ 16 నుంచి 30కి పెరిగిందని కంగారు పడనక్కరలేదు. 5600 సీఎల్46 కిట్‌ను చవకగా చూపిస్తే మాత్రం లెక్క వేయండి. అది 16.4 నానోసెకన్లు.

ప్రాసెసర్‌ను బట్టి ఈ తేడాకు విలువ మారుతుంది. రైజెన్ 7 7800ఎక్స్3డీలో 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఉంది. అది ర్యామ్ దగ్గరికి వెళ్లే పనిని బాగా తగ్గిస్తుంది. అలాంటి ప్రాసెసర్‌కు సీఎల్30 బదులు సీఎల్36 పెట్టినా ఆటల్లో మీకు తెలిసేంత తేడా ఉండదు. పైగా 7800ఎక్స్3డీ మల్టిప్లయర్ లాక్ అయి ఉంటుంది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ లాక్ తీసేశారు. మామూలు రైజెన్ 5 7600 లాంటి దానికైతే సీఎల్30 తీసుకోవడమే న్యాయం. అక్కడ క్యాష్ 32 మెగాబైట్లే కాబట్టి ర్యామ్ మీద ఆధారపడటం ఎక్కువ.

4. రెండు స్టిక్‌లే, ఒకే పెట్టెలోవి

ఈ ఒక్క అడుగు పాటించినా మీ కష్టం సగం తగ్గుతుంది. ఒక్కో ఛానెల్‌కు (కంట్రోలర్ నుంచి ర్యామ్‌కు వెళ్లే దారి) ఒక్కో స్టిక్ ఉన్నప్పుడు కంట్రోలర్ మీద బరువు తక్కువ. నాలుగు స్టిక్‌లు పెడితే రైజెన్ 7000కు ఏఎమ్‌డీ చెప్పే అధికారిక వేగం 5200 నుంచి 3600కి పడిపోతుంది. నాలుగు స్టిక్‌లతో 6000 నడిపేవారు ఉన్నారు, కానీ అది బోర్డు, ప్రాసెసర్ అదృష్టం. ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేద్దామనుకునే మనిషి ఆ అదృష్టాన్ని తలకెత్తుకోకూడదు.

కాబట్టి ఎంత మెమరీ కావాలో ఇవాళే నిర్ణయించుకుని ఒకే కిట్‌గా కొనండి. ఆటలకు, మామూలు పనికి 16 జీబీ స్టిక్‌లు రెండు. వీడియో, వర్చువల్ మెషీన్లు ఉంటే 24 జీబీవి లేదా 32 జీబీవి రెండు. ఇప్పుడు 16 కొని తర్వాత ఇంకో 16 కలుపుదామనే ఆలోచన వద్దు. పేరు ఒకటే అయినా లోపలి చిప్ మారుతుందని, మారిన సంగతి మీకు ఎవరూ చెప్పరని మొదట్లో చెప్పాను. కిట్ అంటే ఆ స్టిక్‌లను కలిపి పరీక్షించారని అర్థం. రెండు విడి స్టిక్‌లు కొంటే ఆ పరీక్ష జరగలేదు.

బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. ఎక్కువ బోర్డుల్లో తీగల మార్గం ఆ రెండింటిలో ముగుస్తుంది. మిగతా రెండింటిలో పెడితే వాడని కొస నుంచి సంకేతం వెనక్కి తగిలి వేగం అందదు. బోర్డు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి.

5. లోపల ఏ చిప్ ఉందో వాకబు చేయండి

ర్యామ్ మీద కనిపించే పేరు అమ్మే కంపెనీది. లోపలి చిప్‌లు తయారుచేసేవి ప్రధానంగా మూడే: సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఓవర్‌క్లాకింగ్ సత్తా అంతా ఈ చిప్‌లదే. డీడీఆర్4 రోజుల్లో సామ్‌సంగ్ బీ-డైకి ఎంత పేరుండేదంటే, 3200 వేగానికి 14-14-14 టైమింగ్స్ (సీఎల్‌తో మొదలయ్యే వ్యవధి అంకెలు) ఉన్న కిట్ కనిపిస్తే లోపల ఆ చిప్పే ఉందని కళ్లు మూసుకుని చెప్పేవారు. డీడీఆర్5లో ఆ స్థానం హైనిక్స్‌ది. ఎమ్-డై, ఏ-డై అని పిలిచే రకాలు తక్కువ లేటెన్సీకీ, ఎక్కువ వేగానికీ లొంగుతాయి. 6000 సీఎల్30 కిట్లలో ఎక్కువగా ఉండేవి ఇవే. సీఎల్36, సీఎల్40 కిట్లలో ఏ చిప్ అయినా రావచ్చు.

కొన్నాక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఎస్‌పీడీ పేజీలో చిప్ తయారీదారు పేరు చూడండి. అదే ప్రోగ్రామ్ మెమరీ పేజీలో 6000 బదులు 3000 చూపిస్తుంది. అది తప్పు కాదు, అసలు క్లాక్ అదే.

6. వోల్టేజ్, వేడి: మన ఎండలు కూడా లెక్కలో ఉన్నాయి

డీడీఆర్5 ప్రామాణిక వోల్టేజ్ 1.1. 6000 సీఎల్30 కిట్లు సాధారణంగా 1.35 లేదా 1.40 అడుగుతాయి. ఒకే వేగానికి, ఒకే టైమింగ్స్‌కు రెండు కిట్లు ఉంటే తక్కువ వోల్టేజ్ అడిగేదాన్ని తీసుకోండి. దాని చిప్‌లు మెరుగైనవని అర్థం, వేడి కూడా తగ్గుతుంది.

వేడి గురించి విదేశీ సమీక్షల్లో చదివినది మన ఇళ్లకు అలాగే వర్తించదు. వాళ్ల గది 21 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 36 డిగ్రీలు దాటుతుంది. ర్యామ్ సెల్ అంటే ఒక చిన్న కెపాసిటర్. అందులోని విద్యుత్తు కారిపోతూ ఉంటుంది, దాన్ని పదేపదే నింపాలి. డీడీఆర్5లో మామూలుగా ప్రతి 3.9 మైక్రోసెకన్లకు ఒక రిఫ్రెష్ ఆదేశం వెళుతుంది. వేడి పెరిగేకొద్దీ కారడం వేగవంతమవుతుంది. టీఆర్‌ఈఎఫ్ఐ అనే టైమింగ్ పెంచి ఆ వ్యవధిని సాగదీస్తే పనితీరు పెరుగుతుంది కానీ, డిసెంబరులో నిలకడగా ఉన్న అమరిక ఏప్రిల్‌లో తప్పులు ఇస్తుంది. గట్టి టైమింగ్స్ పెట్టుకున్నప్పుడు స్టిక్‌లను 55 డిగ్రీల లోపు ఉంచడం నా నియమం. డీడీఆర్5 స్టిక్ మీదే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ దాన్ని చూపిస్తుంది.

అందుకే రంగు దీపాల కంటే మందమైన హీట్ స్ప్రెడర్‌కు డబ్బు పెట్టండి. పెద్ద ఎయిర్ కూలర్ వాడుతుంటే స్టిక్ ఎత్తు కొలుచుకోండి. ఫ్యాన్ కింద పట్టక వెనక్కి ఇచ్చినవారు చాలామంది ఉన్నారు.

7. కొనేటప్పుడు

మదర్‌బోర్డ్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ బోర్డు పేరుతో, పరీక్షించిన ర్యామ్‌ల జాబితా ఉంటుంది. కిట్ పూర్తి పార్ట్ నంబరును అందులో వెతకండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే కిట్. ఏఎమ్‌డీకి ఎక్స్‌పో ముద్ర ఉన్నది తీసుకుంటే సులువు. ఎక్స్ఎంపీ మాత్రమే ఉన్నది కూడా చాలా బోర్డుల్లో నడుస్తుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొంటే, బేరం కుదరకముందే పార్ట్ నంబరు అడిగి కాగితం మీద రాయించుకోండి. "అదే సార్, దాని లాంటిదే" అని వేరేది చేతిలో పెడితే తీసుకోకండి. పెట్టె సీలు మీ ముందే తీయించండి, బిల్లు మీద సీరియల్ నంబరు వేయించండి. ర్యామ్‌కు వారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది, బిల్లు లేకపోతే అది ఉన్నా లేనట్టే. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి, 6400కు పెట్టే అదనపు సొమ్ము 6000 సీఎల్30 దగ్గర మిగిల్చుకుని కూలర్ మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

8. ముందు ర్యామ్, తర్వాతే ప్రాసెసర్

కిట్ ఇంటికి వచ్చింది. ప్రాసెసర్‌ను ఇంకా ముట్టుకోవద్దు.

ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. తప్పులు చేసే ర్యామ్ మీ ఫొటోలను నిశ్శబ్దంగా పాడు చేయగలదు. తర్వాత బయోస్‌ను కొత్తదానికి మార్చండి, కరెంటు పోయే వేళ కాకుండా, వీలైతే యూపీఎస్ మీద. ఇది మొక్కుబడి సలహా కాదు. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన తర్వాత ఏఎమ్‌డీ సాక్ వోల్టేజ్‌ను (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే వోల్టేజ్) 1.3 దాటనివ్వని బయోస్‌లు విడుదల చేయించింది. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఆ వోల్టేజ్‌ను తమంతట తామే పెంచేస్తాయి. ఇంటెల్ 13, 14 తరాలవారికి 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129, ఆ తర్వాతి మైక్రోకోడ్‌లు (బయోస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) తప్పనిసరి. అంతకుముందు ఆ ప్రాసెసర్ల అస్థిరతను చాలామంది ర్యామ్ తప్పుగా పొరబడ్డారు.

బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ చేయండి. మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండిపోవచ్చు. మెమరీ ట్రైనింగ్ జరుగుతోంది, అంటే బోర్డు ఆ ర్యామ్‌కు సరిపడే అమరిక వెతుక్కుంటోంది, స్విచ్ ఆపకండి. విండోస్‌లోకి వచ్చాక సాక్ వోల్టేజ్ చూడండి. 6000 వేగానికి 1.20 నుంచి 1.25 సాధారణంగా చాలు. బోర్డు అంతకంటే ఎక్కువ ఇస్తుంటే చేత్తో తగ్గించండి.

ఇక పరీక్ష. పెన్ డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నాలుగు విడతలు నడపండి. అది నెగ్గితే విండోస్‌లో టెస్ట్‌మెమ్5, ఆ తర్వాత వై-క్రంచర్. మొదటిది స్టిక్‌ను, చివరిది కంట్రోలర్‌ను ఎక్కువగా పీడిస్తాయి. ఒక్క తప్పు కూడా సమ్మతం కాదు. డీడీఆర్5 చిప్‌లో లోపల తప్పులు దిద్దే ఏర్పాటు ఉంది కాబట్టి ఒకటి రెండు తప్పులు పర్వాలేదని అనుకోకండి. ఆ ఏర్పాటు చిప్ లోపలికే పరిమితం, చిప్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో జరిగే తప్పును అది పట్టుకోదు. మీ కంటికి కనిపించిన తప్పు దాన్ని దాటి వచ్చిందే.

తప్పులు వస్తే 6000 నుంచి 5800కు దించి చూడండి. అప్పుడు తప్పులు ఆగిపోతే హద్దు కంట్రోలర్‌దా స్టిక్‌దా అన్నది తేల్చాలి. మళ్లీ 6000కు వెళ్లి టైమింగ్స్ మాత్రం వదులు చేయండి. టైమింగ్స్ వదులు చేస్తే నెగ్గిందంటే అనుమానం స్టిక్ మీదే, కొన్న చోట మార్పించుకునే గడువు లోపలే వెళ్లండి.

అన్నీ నెగ్గాక, అప్పుడు ప్రాసెసర్. కర్వ్ ఆప్టిమైజర్ (ఏఎమ్‌డీ ప్రాసెసర్ వోల్టేజ్‌ను సవరించే అమరిక) అయినా మల్టిప్లయర్ అయినా ఒక్కో మార్పు, ఒక్కో పరీక్ష. ఇప్పుడు కంప్యూటర్ పడిపోతే చివరగా మార్చిన అంకెను వెనక్కి తీయండి, ర్యామ్ వైపు చూడనక్కరలేదు.

ఎండలు ముదిరాక, మధ్యాహ్నం పూట, టెస్ట్‌మెమ్5 ఇంకోసారి నడపండి. అమరికను బయోస్‌లో ప్రొఫైల్‌గా దాచుకోండి. బయోస్ కొత్తది వేసినప్పుడు చాలా బోర్డుల్లో ఆ ప్రొఫైళ్లు చెరిగిపోతాయి కాబట్టి, వేగం, టైమింగ్స్, వోల్టేజ్‌లు ఒక కాగితం మీద రాసి కేసు లోపలి పలకకు అతికించండి.